క్రొత్తదనమనగా నేమి? బళ్ళారి నాటకశాల మొదలు చేతి ఫోను వరకు

క్రొత్త యంత్రము వచ్చినప్పుడెల్ల లోకమే మారిపోయినదని చెప్పుకొనుట పరిపాటి. మేము కచేరీలో గుమాస్తాగా నున్న కాలమున టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చినది. అక్షరములు ముచ్చటగా పడినవి. తప్పు దిద్దుట సులభమైనది. కాని అదే జాబు అదే పైయధికారికే పోవుచుండెను. యంత్రము క్రొత్తది, వ్యవహారము పాతది. కావున ఏ సాధనమైనను నిజముగా క్రొత్తదా యని తేల్చుటకు మాకు తోచిన ప్రశ్న యొక్కటే: చెప్పువానికిని వినువానికిని నడుమ నున్న సంబంధము మారినదా? ఈ ప్రశ్నతో మన బళ్ళారి చరిత్రను పరికింతము.

తెరపై వెలుగునీడలతో బొమ్మల నాడించి వానికి గొంతు నిచ్చుట సినిమాతో పుట్టినది కాదు. మన సీమ తోలుబొమ్మలాటలో అది తరతరములుగా నున్నదే. కన్నడమున దానినే తొగలు గొంబెయాట యందురు. జనులు నవ్వినకొలది బంగారక్క, జుట్టుపోలిగాని వాదులాటను పెంచుట ఆటగాని నేర్పు. పిమ్మట ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు బళ్ళారిలో నాటకములాడిన దినములందును నటునకు ప్రేక్షకుడు కనబడుచునే యుండెను. పద్యము నచ్చి సభ ‘వన్సుమోరు’ అన్నచో మరల పాడుట ఆనాటి నాటకములందు వాడుక.

1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ సురభి వారి నాటకమునకు తెరరూపము. కథ పాతదే, పద్యములును పాతవే. ఐనను అందొక నిజమైన క్రొత్తదనము గలదు: అదే నటన, అదే గొంతు ఒకేనాడు పలు ఊళ్ళకు చేరును, కాని ప్రేక్షకుని కేక నటునకు వినబడదు. మన బళ్ళారి రాఘవగారు (1880–1946) న్యాయవాదిగా నుండియు రంగస్థలమున గొప్ప కీర్తి గడించి, 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణము’న దుర్యోధనుడుగాను, 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’లోను నటించిరి. సభను చూచి నటనను మలచుకొను వీలు కెమెరా ముందు లేదు. దూరపు వారికి ఆట దక్కినది. మాటకు మారుమాట మాత్రము పోయినది.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. రేడియో తరంగము సరిహద్దు నెరుగదు; ఐనను విన్నవాడు బదులు చెప్పవలెనన్న కార్డు వ్రాసి వేచియుండవలసినదే.

ఇక చేతి ఫోనున క్రొత్తదేది? బొమ్మయు, పాటయు, వార్తయు పూర్వమే కలవు. విన్నవాడు తక్షణమే బదులు పలుకుట, తానును పాడి పదిమందికి పంపుట, ఆ పదిమందియు దానికి తమ మాటలు చేర్చి మరల పంపుట, ఇదియే క్రొత్తది. నాటకశాలనాటి మారుమాట తిరిగి వచ్చినది. ఒకే కప్పు క్రింద కూర్చుండ నక్కరలేదు.

మనబోటి కుటుంబములకు ఇందు మేలును గలదు, ముప్పును గలదు. బడిలో కన్నడమో ఇంగ్లీషో చదివిన పిల్లలు కర్నూలులోని అమ్మమ్మకు వాయిస్ మెసేజి రూపమున చక్కని తెలుగు పంపుచున్నారు. పలుకు నిలిచినది. కాని గొంతు చాలునన్నచో అక్షరమేల యను ప్రశ్న పుట్టును. అక్షరము పోయినచో తాతగారి జాబులును, ఇంటి దస్తావేజులును, అటకమీది పుస్తకములును మూగవగును.

ఈ లోపమునకు సాధనమును నిందింపరాదు. 1991నాటి యూనికోడ్ పట్టికలోనే తెలుగునకు చోటు దొరికినది. ఆ వెంటనే వచ్చునది కన్నడము. రెండును ఒకే ప్రాచీన లిపి నుండి విడివడినవి. కన్నడాక్షరములు వచ్చిన పిల్లవానికి తెలుగక్షరములు నేర్చుట పెద్ద శ్రమ కాదు. కావున పిల్లలు గొంతుతో పంపిన దానికి పెద్దలు తెలుగక్షరములతో బదులు వ్రాయుట అలవరచుకొనవలెను. అమ్మమ్మ యేమి వ్రాసినదో తెలిసికొనవలెనన్న కోరికయే వారిచేత అక్షరములు నేర్పింపగలదు.