ఒక ఉపదేశం అలవాటుగా మారడానికి 88 ఏళ్లు

1833వ సంవత్సరం, చలికాలం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కిర్ట్‌లాండ్ అనే చిన్న ఊరు. ఒక దుకాణం మేడమీద ఇరుకు గదిలో కొందరు పురుషులు ప్రతిరోజూ మతబోధ కోసం సమావేశమయ్యేవారు. వచ్చీ రాగానే పొగగొట్టాలు వెలిగించేవారు. అవి ఆరిపోతే పొగాకు ముక్క బుగ్గన పెట్టుకుని నములుతూ నేలంతా ఉమ్మేవారు. బోధకుడైన జోసెఫ్ స్మిత్ గదిలో అడుగుపెట్టేసరికి పొగమబ్బు కమ్ముకుని ఉండేది. ఆ నేలను కడిగి శుభ్రం చేయవలసింది ఆయన భార్య ఎమ్మా. ఎంత కడిగినా మరకలు పోవడం లేదని ఆమె వాపోయేదట. ఆ సంఘానికి తరువాత నాయకుడైన బ్రిగం యంగ్ చెప్పిన కథనం ఇది.

ఆ ఫిబ్రవరి 27న స్మిత్ తనకు దైవప్రకటన కలిగిందని చెప్పి ఒక ఆరోగ్యోపదేశం వినిపించాడు. మార్మన్లని లోకం పిలిచే ఆ క్రైస్తవ సంఘంవారు దానిని 'జ్ఞాన వాక్యము' అంటారు. మద్యం తాగరాదు. పొగాకు మనుషుల కోసం కాదు. పశువుల జబ్బులకూ, కమిలిన గాయాలకూ వాడుకోవచ్చు. వేడి పానీయాలు ఒంటికి మంచివి కావు. ధాన్యం, కూరగాయలు, పండ్లు ఆహారం కావాలి. మాంసం మితంగా, ముఖ్యంగా చలికాలంలోనో కరవు కాలంలోనో తినాలి. స్థూలంగా సారాంశం ఇదే. వేడి పానీయాలంటే టీ, కాఫీ అని సంఘపెద్దలు అచిరకాలంలోనే అర్థం చెప్పారు.

పాఠకులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ ఉపదేశం ఆజ్ఞగా రాలేదు. బలవంతం కాదు, హితవు మాత్రమే అని దాని ఆరంభంలోనే ఉంది. వైద్యుడు రోగికి చీటీ మీద రాసి ఇచ్చే సలహా వంటిదే. అటువంటి సలహాకు మన ఇళ్లలో ఏ గతి పడుతుందో మీకు తెలుసు. అక్కడా అదే గతి పట్టింది.

స్మిత్ 1844లో హత్యకు గురైన తరువాత మార్మన్లు తూర్పు ప్రాంతం విడిచి పడమటికి బయలుదేరారు. ఆ ప్రయాణానికి ఏయే సరుకులు సిద్ధం చేసుకోవాలో చెప్పే జాబితాలో పిండి, ఉప్పులతో పాటు టీ, కాఫీ కూడా ఉన్నాయి. 1847లో వారు ఉప్పు సరస్సు లోయకు, అంటే నేటి యూటా రాష్ట్రానికి చేరుకున్నారు. అక్కడ స్థిరపడిన తరువాత దక్షిణ యూటాలో ద్రాక్ష సాగుచేసి ద్రాక్షసారా తీసినవారూ సంఘ సభ్యులే. ఉపదేశం పుస్తకంలో ఉంది, అలవాట్లు ఇళ్లలో ఉన్నాయి. రెండూ ఒకదానినొకటి పట్టించుకోకుండా కొన్ని దశాబ్దాలు గడిచిపోయాయి.

మార్పు 20వ శతాబ్దం ఆరంభంలో వచ్చింది. ప్రార్థనలో పంచే ద్రాక్షరసం స్థానంలో మంచినీళ్లు వచ్చాయి. 1918లో సంఘాధ్యక్షుడైన హీబర్ గ్రాంట్ మద్యానికి బద్ధవిరోధి. ఆయన కాలంలో, 1921 నాటికి, సంఘంవారు అత్యంత పవిత్రంగా భావించే ఆలయాలలో ప్రవేశించాలంటే మద్యం, పొగాకు, టీ, కాఫీ మానివేసి ఉండాలన్న నియమం స్థిరపడింది. 1833 నుండి 1921 వరకు లెక్కించండి: 88 ఏళ్లు. ఒక హితవు నియమంగా మారడానికి దాదాపు మూడు తరాలు పట్టింది.

నియమం వచ్చినంత మాత్రాన మనసులన్నీ ఒక్కటయ్యాయని అనుకోవద్దు. 1933లో దేశవ్యాప్త మద్యనిషేధాన్ని ఎత్తివేయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు నిషేధాన్ని నిలబెట్టమని గ్రాంట్ కోరాడు. యూటా ప్రజలు అందుకు విరుద్ధంగా ఓటు వేశారు. అంతేకాదు, నిషేధం రద్దుకు 36 రాష్ట్రాల ఆమోదం కావలసి ఉండగా, డిసెంబరు 5న ఆ 36వ ఆమోదం తెలిపిన రాష్ట్రం యూటాయే. చరిత్ర ఇలాంటి చమత్కారాలు చేస్తూనే ఉంటుంది.

ఇంతకూ ఆ నియమం ఎలా నిలబడింది? ఆలయ ద్వారం వద్ద అడిగే ప్రశ్న వల్ల మాత్రమే కాదు. ఆ సంఘపు నిత్యజీవితం చూస్తే జవాబు దొరుకుతుంది.

మార్మన్ కుటుంబాలు 'వార్డు' అనే స్థానిక సమూహాలుగా ఉంటాయి. వార్డుకు పెద్ద బిషప్పు. ఆయన జీతం తీసుకునే పూజారి కాదు; పగలంతా దంతవైద్యుడుగానో, ఉపాధ్యాయుడుగానో, వ్యాపారిగానో పనిచేసుకుని, సాయంత్రాలు సంఘానికి ఇచ్చే మామూలు గృహస్థు. కొన్నేళ్ల తరువాత ఆ బాధ్యత మరొకరికి వెళుతుంది. పిల్లలకు చదువు చెప్పడం, పాటలు నేర్పడం, వృద్ధుల ఇళ్లకు వెళ్లి క్షేమం కనుక్కోవడం వంటి పనులు సభ్యులందరికీ పంచుతారు. సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవడానికి కేటాయించుకుంటారు. సాధారణంగా నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండి, ఆ భోజనాలకు అయ్యే డబ్బును, వీలుంటే అంతకు మించి, బీదల సహాయానికి ఇస్తారు. ఒంట్లో బాగులేనివారికీ, గర్భిణులకూ ఆ ఉపవాసం తప్పనిసరి కాదు. మన మధుమేహ రోగులు గుర్తుంచుకోవలసిన వివేకమిది.

స్త్రీల సంఘం 'ఉపశమన సమాజం' 1842లోనే ఎమ్మా స్మిత్ అధ్యక్షతన ఏర్పడింది. ఉమ్ముల మరకలు కడిగిన ఆ ఎమ్మాయే. బాలింత ఉన్న ఇంటికి, శస్త్రచికిత్స అయిన ఇంటికి, చావు జరిగిన ఇంటికి ఈ సమాజం స్త్రీలు వంతులు వేసుకుని వంట చేసి తీసుకువెళతారు. చావింటికి తీసుకువెళ్లే బంగాళాదుంపలు, చీజు, మీగడ కలిపిన వంటకానికి 'అంత్యక్రియల బంగాళాదుంపలు' అన్న పేరే స్థిరపడింది. పొయ్యి వెలగని ఇంటికి ఇరుగుపొరుగు అన్నం తేవడం మనకు కొత్త కాదు కదా. అక్కడ ఆ పనిని ఒక పద్ధతిగా, బాధ్యతగా నడుపుతారు.

వైద్యచరిత్రలో కూడా ఈ స్త్రీల పాత్ర ఉంది. కాన్పుల్లో తల్లులు, పిల్లలు చనిపోతున్న రోజుల్లో స్త్రీలు వైద్యవిద్య నేర్చుకోవాలని 1873లో బ్రిగం యంగ్ పిలుపునిచ్చాడు. ఎలిస్ షిప్ అనే తల్లి పిల్లలను తన సవతుల సంరక్షణలో ఉంచి ఫిలడెల్ఫియా వెళ్లి, అక్కడి మహిళా వైద్య కళాశాలలో 1878లో పట్టా పొందింది. మార్మన్లలో బహుభార్యాత్వం ఇంకా కొనసాగుతున్న కాలమది. సంఘం దానిని విడిచిపెడుతున్నట్లు 1890లో ప్రకటించింది. షిప్ తిరిగి వచ్చి వందలమంది మంత్రసానులకు శిక్షణ ఇచ్చింది. మన దేశపు తొలి మహిళా వైద్యులలో ఒకరైన ఆనందీబాయి జోషి 1886లో పట్టా పుచ్చుకున్నది కూడా ఆ కళాశాలలోనే.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 1966-70 మధ్య యూటాలో నమోదైన క్యాన్సర్ రోగుల వివరాలను పరిశీలించిన వైద్యులు, మార్మన్లలో పొగాకుతో ముడిపడిన క్యాన్సర్లు ఇతరులకంటే బాగా తక్కువని 1976లో ప్రచురించారు. కాలిఫోర్నియాలో జేమ్స్ ఎన్‌స్ట్రామ్ అనే శాస్త్రవేత్త 1980 నుండి ఎనిమిదేళ్లపాటు సంఘంలో చురుకుగా ఉన్న పురుషులనూ వారి భార్యలనూ, దాదాపు 10 వేల మందిని గమనించాడు. ఆ పురుషులలో మరణాల రేటు తోటి శ్వేతజాతి జనాభాలో ఉన్నదానికి సగం మాత్రమే. ఎన్నడూ పొగ తాగకుండా, క్రమంగా వ్యాయామం చేస్తూ, సరిపడా నిద్రపోయే మధ్యవయసు వారిలో అది మరింత తక్కువ.

వైద్యుడిగా ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇది కాఫీ మానడం వల్ల వచ్చిన ఫలితమని భ్రమపడవద్దు. మితంగా తాగే కాఫీ, టీలు చాలామందికి హాని చేయవని నేటి పరిశోధనలు చెబుతున్నాయి. ఈ లాభంలో సింహభాగం పొగాకు, మద్యం మానడానిదే. సంఘంలో చురుకుగా తిరగగలిగేవారు మొదటే కాస్త ఆరోగ్యవంతులై ఉంటారన్నదీ మరవకూడదు. పైగా ఉపదేశంలో కష్టమైన భాగాన్ని అక్కడా పక్కన పెట్టారు. మాంసం మితంగా తినమన్న మాట గురించి ఆలయ ద్వారం వద్ద ఎవరూ అడగరు. చక్కెర ప్రస్తావన ఉపదేశంలో లేదు కనుక తీపి తినుబండారాలకు యూటాలో కొదవ లేదు. కాఫీ హోటలు ఉండవలసిన చోట తియ్యటి కూల్‌డ్రింకుల దుకాణాలు వెలిశాయి. ఒక తలుపు మూస్తే అలవాటు మరో తలుపు వెతుక్కుంటుంది.

దీనికి మరో ముఖం కూడా ఉంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

నలుగురూ చూస్తున్నారన్న భావం మనిషిని నిలబెడుతుంది. అదే భావం తప్పటడుగు వేసినవాడిని దాక్కునేలా చేస్తుంది. మద్యం సభ్యత్వానికే గుర్తుగా మారిన చోట, తాగుడుకు లోనైన మనిషి బిషప్పు ఎదుట, పొరుగువారి ఎదుట, చివరికి భార్య ఎదుట కూడా నోరు విప్పడు. వైద్యులు రాసిచ్చే నొప్పి మాత్రల విషయంలో ఇది మరింత చిక్కు. అవి సారా కాదు, సిగరెట్టు కాదు. చీటీ మీద వచ్చిన మందు. మద్యం, పొగాకు వాడకం అతి తక్కువగా ఉన్న యూటా రాష్ట్రమే మాదకద్రవ్యాల మోతాదు మించి సంభవించిన మరణాలలో 2010 దశకంలో దేశంలో పై వరుసలో నిలిచింది. ఈ మరణాలన్నీ మార్మన్లవి కావు, కారణమూ ఒక్కటి కాదు. కానీ నిషేధాల జాబితా మనిషిని అన్ని వ్యసనాల నుండీ కాపాడలేదని మాత్రం తేటతెల్లమైంది. సంఘమూ దీనిని గుర్తించింది. మద్యపాన బాధితులు తమలో తాము నడుపుకునే పన్నెండు మెట్ల పద్ధతిని స్వీకరించి, వ్యసనాల నుండి కోలుకునేవారి కోసం సమావేశాలు ఏర్పాటు చేసింది. అక్కడ మొదటి మెట్టు మానివేయడం కాదు, నిజం ఒప్పుకోవడం.

మరొక ఉదాహరణ. 2018లో సంఘాధ్యక్షుడైన రస్సెల్ నెల్సన్ పేరుమోసిన గుండె శస్త్రవైద్యుడు. 1955లో యూటాలో తొలి ఓపెన్ హార్ట్ శస్త్రచికిత్స చేసినవాడు. కొవిడ్ కాలంలో ఆయన తాను టీకా వేయించుకుని, సభ్యులందరూ వేయించుకోవాలని కోరాడు. ఆయనను ప్రవక్తగా భావించేవారిలోనే కొందరు ఆ మాట వినలేదు. కాఫీ ముట్టనివారు టీకాను సందేహించారు. పై నుండి వచ్చిన లేఖ ఒక్కటే చాలదని, 88 ఏళ్ల పాఠం మరోసారి గుర్తు చేసింది.

ఈ కథ మనకు పూర్తిగా పరాయిది కాదు. 1978లో, సమోవా దీవులలో పనిచేస్తూ ఈ సంఘంలో చేరిన ఒక తెలుగు కీటకశాస్త్రజ్ఞుడు భార్యతో కలిసి హైదరాబాదు వచ్చి తన బంధువర్గంలో ఈ విశ్వాసాన్ని పరిచయం చేశాడు. 2012లో భారతదేశంలోనే వారి తొలి 'స్టేకు', అంటే కొన్ని వార్డుల కూటమి, హైదరాబాదులో ఏర్పడింది. గడప తొక్కినవారికి టీ ఇవ్వడమే మర్యాద అయిన ఊళ్లో 'మేము టీ తాగము' అని చెప్పవలసివచ్చే కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. నవ్వకుండా ఒక గ్లాసు మంచినీళ్లో మజ్జిగో ఇవ్వడం మన మర్యాద.

వారి మతం మన మతం కానక్కరలేదు. కానీ వారి చరిత్రలోంచి రెండు మాటలు మన ఇంటికి తెచ్చుకోవచ్చు. మొదటిది: మీ ఇంట్లో ఒకరు సిగరెట్టు మానాలంటే అతడికి ఉపన్యాసం ఇవ్వకండి. ఇల్లంతా కలిసి సాయంత్రాలను మార్చండి. అతడి చేతికి మరో పని, మనసుకు మరో తోడు ఇవ్వండి. రెండవది: అతడు మళ్లీ వెలిగించిన రోజున ఆ సంగతి మీకు చెప్పగలిగే చనువు మిగల్చండి. "ఎప్పుడో ఒకటి, అర డాక్టరుగారూ" అనే జవాబు నా వృత్తిలో లెక్కలేనన్నిసార్లు విన్నాను. పక్కన కూర్చున్న భార్య వైపు ఒకసారి చూసి ఆ మాట చెప్పేవారు. అబద్ధం నా కోసం కాదు, ఆమె కోసం. చికిత్స ఆలస్యమైంది మాత్రం వారికే.