పేరున్న రాళ్లును పేరులేని రాళ్లును

అబ్రాహాము పరదేశియై యుండియు తన భార్యయగు శారాను పాతిపెట్టుటకు మక్పేలా గుహను 400 తులముల వెండి యిచ్చి కొనెను. యాకోబు రాహేలు సమాధిమీద నొక స్తంభము నిలిపెను. కాబట్టి మృతులను పాతిపెట్టిన చోటును జ్ఞాపకముంచుకొనుట ధనవంతుల డంబము కాదు, అది కుటుంబధర్మము.

అమెరికాలోని ఉత్తర కారొలైనా రాష్ట్రమందు మోరిస్‌విల్ అను ఊరు కలదు. 1852లో జెరెమియా మోరిస్ అనునతడు రైలు స్టేషనుకొరకు తన భూమి నిచ్చినందున ఆ పేరు వచ్చెను. నేడచ్చట తెలుగు కుటుంబములు అనేకములు నివసించుచున్నవి. ఆ ప్రాంతపు పాత సమాధులదొడ్లలో రెండు విధములైన రాళ్లు కనబడును. కొన్ని చెక్కిన చలువరాళ్లు. వానిపై పేరును, జనన మరణ దినములును, చిన్నబిడ్డలవైనచో గొఱ్ఱెపిల్ల బొమ్మయు నుండును. మరికొన్ని పొలమునుండి తెచ్చి తలవైపున నాటిన మొరటు రాళ్లు. వానిపై నొక అక్షరమైనను లేదు. ఇట్టివి బీద తెల్లవారికిని కలవు, దాసులకును కలవు.

దాసుల రాళ్లు మౌనముగా నుండుటకు కారణము కలదు. మోరిస్‌విల్‌కు సుమారు 20 మైళ్ల దూరమున స్టాగ్‌విల్ అను గొప్ప తోట యుండెను. 1860 నాటికి ఆ యజమానుల క్రింద దాదాపు 30,000 ఎకరములును, 900 మంది నల్లజాతి దాసులును ఉండిరి. యజమానులగు బెన్నెహాన్ కుటుంబపు సమాధులచుట్టు రాతిగోడ కట్టబడెను. దాసులకును బిడ్డలుండిరి, ప్రార్థన యుండెను, దుఃఖముండెను. అక్షరములు మాత్రము నిషేధింపబడెను. దాసులకు చదువను వ్రాయను నేర్పరాదని 1830 నాటి శాసనము చెప్పెను. అంకెలు నేర్పుటకు మాత్రము అడ్డులేకుండెను. లెక్క యజమానికి లాభకరము గదా! 1850, 1860 సంవత్సరముల జనాభా పట్టీలలోను సాధారణముగా యజమాని పేరే వ్రాయబడెను. దాసులకు వయస్సు, ఆడ మగ అను గుర్తులే మిగిలెను.

1865లో విడుదల వచ్చెను. మరుసటి యేట క్రొత్త శాసనము ననుసరించి అనేక దంపతులు అధికారులయొద్దకు పోయి, 25 సెంట్లు చెల్లించి, తమ పేర్లను, తాము కాపురము చేయ మొదలిడిన కాలమును వ్రాయించుకొనిరి. 1870 జనాభా పట్టీలో వారి పేర్లు ఇంటిపేర్లతో ఎక్కెను. యజమానులు తమ లెక్కకొరకు వ్రాసికొనిన పుస్తకములును భద్రపరుపబడినందున, నేడు స్టాగ్‌విల్ సంతతివారు తమ పూర్వికులను వెదకి తెలిసికొనుచున్నారు. రాయి చెప్పనిదానిని కాగితము చెప్పెను.

మనవారి సంగతియు దీనికి దూరము కాదు. 1860 మొదలు 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు నేటాలు తోటలకు పోయిరి. వారిలో తెలుగువారు అనేకులు. వారు దాసులు కారు, ఒడంబడిక కూలీలు. అయినను వారిలో ఎందరి సమాధులకో రాయి లేదు. ఓడ పట్టీలలో తండ్రి పేరును ఊరి పేరును వ్రాయబడినందుననే మనుమల మనుమలు తమ గ్రామమును కనుగొనుచున్నారు.

చలువరాయి కొనలేని కుటుంబమైనను సంఘపు పుస్తకములో పేరు వ్రాయించగలదు. కావున మృతుని పూర్తి పేరును, తలిదండ్రుల పేర్లను, పుట్టిన ఊరిని, మరణదినమును తప్పక వ్రాయించుడి. ఇంట బడికిపోవు బిడ్డయున్నచో పెద్దలు చెప్పగా ఆ బిడ్డచేతనే మరియొక ప్రతి వ్రాయించి పెట్టెలో దాచుడి. ఒకప్పుడు శాసనముచేత నిషేధింపబడిన అక్షరము నేడు మన బిడ్డల చేతిలో నున్నది.