ఉస్తెద్: దయ నుంచి 'మీరు' దాకా

స్పానిష్‌లో 'మీరు' అనే అర్థంలో వాడే 'ఉస్తెద్' అసలు రూపం 'వ్యుయెస్త్రా మెర్సెద్', అంటే 'మీ దయ'. మధ్యయుగంలో పెద్దలను 'వోస్' అనేవారు. రానురాను ఆ మాట చులకనైపోయింది. దాని చోటులోకి వచ్చిన ఈ పొడుగాటి పిలుపు జనం నోట నలిగి, 17వ శతాబ్దానికి పొట్టిదైంది. మనిషిని కాక అతని దయను ఉద్దేశించిన మాట కనుక దాని క్రియ నేటికీ ప్రథమపురుషలోనే ఉంటుంది.

మాడ్రిడ్‌లో స్నేహితుల గుంపును 'వొసోత్రోస్' అంటారు. లాటిన్ అమెరికాలో స్నేహితులైనా అధికారులైనా అందరూ 'ఉస్తెద్' బహువచనమైన 'ఉస్తెదెస్' లే. బొగొటాలో మొగుడూపెళ్లాలు, అన్నదమ్ములు కూడా 'ఉస్తెద్' అనుకోవడం మామూలే. వాళ్ల మధ్య అది దూరానికి గుర్తు కాదు. స్పెయిన్ వదిలేసిన 'వోస్' మాత్రం బ్యూనస్ ఎయిర్స్‌లో చనువుగా పిలిచే 'నువ్వు' అయి కూర్చుంది.