ఏడు ఖండాల వేసవి

మంచు కొండను కాలి బలంతో ఎక్కి, స్కీల మీద జారుతూ దిగడాన్ని స్కీ మౌంటెనీరింగ్ అంటారు. పేరు వినగానే చలికాలపు ఆట అనిపిస్తుంది. అయితే ఎత్తైన శిఖరాల మీద దీనికి అసలు కాలం వేసవే. భూగోళం ఉత్తరార్ధంలో మే, జూన్ నెలలు ఇందుకు మేలైనవి. అవే రోజుల్లో జగ్గయ్యపేట, నందిగామ మెట్టల్లో రోహిణీ కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. అంత ఎండలో పుట్టి పెరిగే జాతికి మంచు శిఖరాలతో పనేమిటని అడిగితే చెప్పడానికి చాలా ఉంది. అందులో ముందు చెప్పవలసింది మల్లి మస్తాన్‌బాబు పేరు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను ఎక్కిన ఈ నెల్లూరు జిల్లా వాసి యాత్రకు 2026తో ఇరవై ఏళ్ళు.

శిఖరం ఎక్కిన మనిషి కథ జగ్గయ్యపేటకు మరీ పాతది. ఊరి పక్కన ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి పరిశీలించాడు. అక్కడ దొరికిన శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరం నాటిది. సిద్ధార్థుడనే శిల్పి వెలగిరిలోని ఈ మహాచైత్యానికి అయిదు ఆయక స్తంభాలు దానం చేశాడని అందులో ఉంది. అంతకు చాలా ముందటిది, క్రీస్తు పూర్వం ఒకటవ శతాబ్దపుదిగా పండితులు లెక్కగట్టే పలక ఒకటి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దాని మీద చక్రవర్తి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. మేఘాల నుంచి నాణేలు రాలుతుంటాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం మొదలైన సప్తరత్నాలు. అతన్ని మాంధాతగా గుర్తించారు. బౌద్ధ కథలో మాంధాత నాలుగు ద్వీపాలనూ జయించి, ఆపైన మేరు శిఖరం మీది దేవలోకానికి చేరి ఇంద్రుడి సింహాసనంలో సగం పంచుకుంటాడు. మిగతా సగం కూడా కావాలని కోరిన క్షణాన నేల మీదికి జారిపడతాడు. లోకంలోని భూఖండాలన్నీ చుట్టి శిఖరం చేరాలనే ఊహ ఈ గుట్ట మీద రెండు వేల ఏళ్ళ కిందటే రాతికెక్కిందన్న మాట.

ఆ తర్వాతి శతాబ్దాల్లో తెలుగువాళ్ళు హిమాలయాలకు వెళ్ళిందల్లా కేదారం, బదరీల దాకా, పుణ్యం కోసం. శిఖరం ఎక్కాలనే తలపు ఎవరికైనా వచ్చిన దాఖలా కనబడదు. బేతవోలుకు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేట చేసిన కాలానికి భూమిని కచ్చితంగా కొలిచే పెద్ద సర్వే ఈ దేశంలో ఇంకా మొదలుకాలేదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర గొలుసు పరిచి ఆ పని ఆరంభించాడు. 1818లో అతనికి సహాయకుడిగా హైదరాబాదు చేరిన యువకుడి పేరు జార్జ్ ఎవరెస్ట్. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తుండగా ఎవరెస్ట్‌నూ అతని సిబ్బందినీ విషజ్వరాలు పడగొట్టాయి. కోలుకోవడానికి 1820లో ఓడెక్కి దక్షిణాఫ్రికా కేప్‌కు పోవలసి వచ్చింది. జగ్గయ్యపేట మెట్టకు ఆ అడవులు ఎంతో దూరం కావు. 1865లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి ఖాయం చేసింది ఈ మనిషి పేరే.

వేసవి మంచు మీద స్కీలతో తిరగడం ఎలా సాధ్యమో ఇక్కడ కొంత చెప్పుకోవాలి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కాబట్టి నాలుగైదు వేల మీటర్ల పైన మే, జూన్లలో కూడా రాత్రిళ్ళు మంచు గడ్డకడుతుంది, పగటి ఎండకు పైపొర కరుగుతుంది. ఇలా కొన్ని వారాలు కరిగి గడ్డకట్టి, గడ్డకట్టి కరిగితే చలికాలపు పొడిమంచు గుల్లతనం పోయి గట్టిపడుతుంది. ఆ గట్టి మంచు మీద ఉదయపు ఎండ తగలగానే పై రెండు అంగుళాలు బొంబాయి రవ్వలా పలుకు పలుకుగా విడుతుంది. స్కీలు సాఫీగా జారేది ఆ రవ్వ మంచు మీదే. అది నిలిచేది రెండు మూడు గంటలు. అందుకని ఎక్కేవాళ్ళు అర్ధరాత్రి దాటాక బయలుదేరి, తెల్లవారేసరికి పైకి చేరి, ఎండ ముదరకముందే దిగిపోతారు. ఆలస్యమైతే మంచు బురదవుతుంది, వాలు జారిపోయే ప్రమాదం పెరుగుతుంది, హిమానీనదాల్లోని పగుళ్ల మీద కప్పు కట్టిన మంచు మెత్తబడి మనిషి బరువు ఆపలేదు.

ఎక్కేటప్పుడు స్కీల అడుగున నూలు పట్టీల్లాంటివి అంటిస్తారు. వాటి నూగు ఒకే వైపు వాలి ఉంటుంది గనుక స్కీ ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. పూర్వం వీటికి సీల్ చర్మం వాడేవారు. ఇప్పుడు మోహేర్, నైలాన్ వాడుతున్నారు. బూటు ముందు భాగం స్కీకి బిగిసి ఉంటుంది, మడమ పైకి లేస్తుంటుంది. శిఖరం దగ్గర పట్టీలు ఊడదీసి, మడమ కూడా బిగించి దిగుతారు. వాలు మరీ నిటారైతే స్కీలు వీపున కట్టుకుని, బూట్లకు బిగించే ఇనుప ముళ్ళ క్రాంపాన్లతో, ఐస్ యాక్స్‌తో ఎక్కాలి. ఎవరెస్టు మీది నుంచి కూడా ఇలా స్కీలతో దిగినవాళ్ళున్నారు. జపాన్‌కు చెందిన యూఇచిరో మియురా 1970 మే 6న ఎవరెస్టు సౌత్ కోల్ ప్రాంతం నుంచి వీపున పారాచూట్‌తో స్కీల మీద దిగాడు. శిఖరం నుంచి బేస్ క్యాంపు దాకా స్కీలు విప్పకుండా దిగిన తొలి మనిషి స్లొవేనియాకు చెందిన దావో కర్నిచార్. అది 2000 అక్టోబరు 7.

మస్తాన్‌బాబు 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా గాంధీ జనసంగంలో ఒక గిరిజన కుటుంబంలో పుట్టాడు. చదువు విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఆ స్కూలు పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985 నాటి భారత సైన్యపు ఎవరెస్టు యాత్రలో మరణించాడు. ఆ యాత్ర అయిదుగురు సైనికాధికారులను బలితీసుకుంది. స్కూల్లో వెలసిన ఆయన విగ్రహమే ఈ పిల్లవాడి మనసులో కొండను నాటింది. పర్వతారోహకుడి మరణాన్ని చూసి భయపడే వయసులో ఆ మరణం నుంచే ప్రేరణ పొందడం మామూలు విషయం కాదు. తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదువు. అంత చదువు చదివినవాడు జీతం వదులుకుని కొండల వెంట పడ్డాడు.

సప్త శిఖరాల ఆలోచన అప్పటికే ఉంది. అమెరికా వ్యాపారి డిక్ బాస్ 1985లో దాన్ని తొలిసారి పూర్తిచేశాడు. మస్తాన్‌బాబు నేర్పంతా కాలాన్ని చదవడంలో ఉంది. భూమ్మీద వేసవి ఒకేచోట ఉండదు. అది దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దాని వెంట నడిస్తే అర్ధ సంవత్సరంలో ఏడు కొండలూ అందుతాయి.

2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ మాసిఫ్ (4,892 మీటర్లు). అక్కడ ఎక్కడానికి అనువైన కాలం డిసెంబరు, జనవరి. ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలోని అకంకాగువా (6,961). ఆండీస్ వేసవి మార్చి మధ్యకు ముగుస్తుంది. మార్చి 15న ఆఫ్రికాలోని కిలిమంజారో (5,895), పెద్ద వానలు మొదలయ్యే వేళకు. ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కాషియస్కో (2,228). ఆ దేశపు స్కీ వాలుల్లో కొన్ని దాని చుట్టూ ఉన్నాయి, వాటి మీద మంచు పేరుకునేది జూన్ నుంచి. చాలా చోట్ల తలుపు మూసుకోబోతున్న సమయానికి ఆయన గడప దాటాడు.

ఆ పైన యాభై రోజులు ఎవరెస్టుకు. మే 21న 8,849 మీటర్ల శిఖరం చేరాడు. ఎవరెస్టును ఎక్కువగా మే రెండో సగంలోనే ఎందుకు ఎక్కుతారో నందిగామ రైతుకు వెంటనే అర్థమవుతుంది. చలికాలమంతా శిఖరాన్ని కొట్టే జెట్ గాలి మే నెలలో ఉత్తరానికి తప్పుకుంటుంది. జూన్ మొదటి పక్షంలో నైరుతి రుతుపవనం వస్తుంది. ఆ రెండింటి మధ్య దొరికే కొద్ది రోజులే అవకాశం. ఇక్కడ పత్తి విత్తనం చేత పట్టుకుని ఏ మబ్బు కోసం ఎదురుచూస్తారో, ఆ మబ్బు అక్కడికి చేరకముందే దిగిపోవాలని చూస్తారు.

జూన్ 13న ఎల్బ్రస్. కాకసస్ పర్వతాల్లో రష్యా వైపున్న ఈ 5,642 మీటర్ల కొండ నిద్రపోతున్న అగ్నిపర్వతం. రెండు శిఖరాలు, వాటి మధ్య విశాలమైన జీను, చుట్టూ హిమానీనదాలు. వేసవి స్కీ యాత్రికులకు ఐరోపాలో ఇంతకు మించిన కొండ లేదు. వాలు ఎక్కువగా మెత్తగా, పొడవుగా సాగుతుంది. దక్షిణం వైపు రోప్‌వే చాలా ఎత్తు దాకా తీసుకెళ్తుంది. పాస్తుఖోవ్ రాళ్ళ దగ్గరి నుంచి మంచు గట్టిపడుతుంది, అక్కడ జారితే ఆగడం కష్టం. మబ్బు కమ్మితే ఎటు చూసినా తెలుపే కనబడి జీను దగ్గర దారి తప్పినవాళ్ళు ఎందరో. శిఖరం దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగం. తేలిక కొండ అన్న పేరు నమ్మి ఏటా మనుషులు చనిపోతున్నారు.

ఎల్బ్రస్ చరిత్రా చిన్నది కాదు. 1829లో జనరల్ ఇమాన్యుయేల్ నడిపిన రష్యా శాస్త్రవేత్తల బృందంలో తూర్పు శిఖరం దాకా వెళ్ళింది దారి చూపడానికి వచ్చిన స్థానికుడు కిలార్ ఖాషిరోవ్ ఒక్కడే. పశ్చిమ శిఖరాన్ని 1874లో బ్రిటిష్ ఆరోహకులు ఎక్కారు. 1942 ఆగస్టు 21న జర్మన్ కొండ సైనికులు అక్కడ నాజీ జెండా పాతారు, 1943 ఫిబ్రవరి చలిలో సోవియట్ ఆరోహకులు ఎక్కి దాన్ని పీకేశారు. నాలుగు వేల మీటర్ల ఎత్తున ‘ప్రియూత్ 11’ అనే బస చాలా ఏళ్ళు యాత్రికులకు ఆశ్రయమిచ్చి 1998లో కాలిపోయింది. మస్తాన్‌బాబు ఎవరెస్టు శిఖరం చేరిన ఇరవై మూడు రోజులకే ఇక్కడ ఉన్నాడు. అంత ఎత్తుకు అలవాటుపడ్డ ఊపిరితిత్తులు ఆయనకు ఇక్కడ తోడు.

చివరిది అలాస్కాలోని దెనాలి (6,190), జూలై 10. అడుగున స్కీలు బిగించిన చిన్న విమానాలు కహిల్త్నా హిమానీనదం మీద దిగుతాయి. అక్కడి నుంచి స్కీల మీదో మంచు చెప్పుల మీదో, వెనక సామాను బండి లాక్కుంటూ నడవాలి. జూలై మధ్యకు కింది హిమానీనదంలో పగుళ్ళు తెరుచుకుని దారి మూసుకుంటుంది. ఆయన ఇక్కడా సమయానికి ముందే చేరాడు. ఈ లెక్కలో ఇంకో ముచ్చట ఉంది. ఏడు శిఖరాలు చేరిన ఏడు తేదీలు వారంలోని ఏడు రోజుల్లో పడ్డాయి: గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం.

2015 మార్చి 24న మస్తాన్‌బాబు చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని 6,749 మీటర్ల త్రెస్ క్రూసెస్ సుర్ మీదికి బయలుదేరాడు. ఆండీస్ వేసవి అప్పటికే ముగుస్తోంది. వాతావరణం ఉన్నట్టుండి చెడింది. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన మృతదేహం దొరికింది. భౌతికకాయాన్ని స్వగ్రామానికి తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. కొండ కాలాన్ని అంత నేర్పుగా చదివిన మనిషిని ఆ కాలమే తీసుకుపోవడం తెలుగునాట చాలామందిని నిజంగా దుఃఖపెట్టింది.

దానికి ముందటి ఏడాదే ఇంకో తరం మంచు తొక్కింది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. వెంట ఆనాటి ఖమ్మం జిల్లా చర్ల ప్రాంతపు సాధనపల్లి ఆనంద్‌కుమార్. జార్జ్ ఎవరెస్ట్‌ను జ్వరం పడగొట్టిన అడవులకు చేరువలో పుట్టినవాడు ఇతను. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పూనుకున్న కార్యక్రమం అది. శేఖర్‌బాబు బాచినేపల్లి శిక్షణలో భువనగిరి ఏకశిల మీద మొదలై డార్జిలింగ్, లడఖ్ దాకా వారి సాధన సాగింది. నేపాల్ వైపు పదహారేళ్ళలోపు పిల్లలను అనుమతించరు గనుక టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు గడ్డలు విరిగిపడి పదహారు మంది స్థానిక సిబ్బంది చనిపోయి అక్కడి యాత్రలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. తర్వాతి ఏళ్ళలో పూర్ణ ఏడు ఖండాల శిఖరాలు పూర్తిచేసింది. ఆమె ఎల్బ్రస్ ఎక్కింది 2017లో, దెనాలి 2022 జూన్ 5న.

ఆ తర్వాత కథ ఒక దారిన సాగదు. రెండు రాష్ట్రాల గురుకులాల పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, పోలీసులు కిలిమంజారో, ఎల్బ్రస్‌లకు వెళ్తూనే ఉన్నారు. కర్నూలుకు చెందిన భరత్ తమ్మినేని ఎనిమిది వేల మీటర్ల పైబడ్డ శిఖరాలను వరుసగా ఎక్కుతున్నాడు. ఖర్చు లక్షల్లో ఉంటుంది కనుక దాతలు, జెండాలు, ఫొటోలు తప్పడం లేదు. 2022 నుంచి ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఎల్బ్రస్ ప్రయాణం క్లిష్టమైంది. బొలీవియాలో 5,300 మీటర్ల ఎత్తున ప్రపంచంలోకెల్లా ఎత్తైన స్కీ వాలుగా పేరొందిన చకల్తాయా హిమానీనదం 2009కి పూర్తిగా కరిగిపోయింది. వేసవి మంచు ఏటేటా పైపైకి వెనక్కి పోతోంది.

స్కీ విద్య మాత్రం తెలుగునాట ఇంకా వేళ్ళూనలేదు. ఎక్కడం నేర్చినవాళ్ళు ఉన్నారు, జారి దిగడం నేర్చినవాళ్ళు అరుదు. అది నేర్పే బడులు దూరాన ఉన్నాయి: గుల్‌మార్గ్‌లో కేంద్ర ప్రభుత్వ స్కీయింగ్ సంస్థ, మనాలిలో 1961 నాటి పర్వతారోహణ సంస్థ, ఉత్తరాఖండ్‌లో ఔలీ వాలులు. వాటిలో స్కీ పాఠాలు నడిచేది జనవరి నుంచి మార్చి దాకానే. 2026 ఫిబ్రవరిలో ఇటలీ శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ మౌంటెనీరింగ్ తొలిసారి పతకాల క్రీడగా చేరింది. జగ్గయ్యపేట నుంచి ఎవరైనా ఆ దారి పట్టాలంటే సంక్రాంతి పండగ అయిన వెంటనే గుల్‌మార్గ్ చేరి రెండు మూడు వారాలు వాలు మీద పడుతూ లేస్తూ నేర్చుకోవాలి. ఆ మే నెలలో మనాలి దగ్గరి రోహ్‌తంగ్ కనుమ మీది మంచు వాలుల దగ్గర ఆ సాధన కొనసాగించి, మరుసటి జూన్‌లో పెద్ద కొండకు పోవచ్చు.