జెట్ ఇంజన్: ఒక కేడెట్ కట్టిన లెక్క

ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో ప్రొపల్షన్ పేపర్ ఏ కాలేజీలో చదివినా మొదటి పాఠాలు దాదాపు ఒకటే. గాలిని కంప్రెసర్‌తో నొక్కడం, ఇంధనం కలిపి మండించడం, ఆ వేడి వాయువుతో టర్బైన్ తిప్పడం, మిగిలిన శక్తితో వాయువును నాజిల్ గుండా వెనక్కి చిమ్మడం. ఇవాళ సెమిస్టర్ పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వచ్చే ఈ విషయం 1930 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వ నిపుణులకే నమ్మకం కుదరనిది. దాన్ని వదలకుండా పట్టుకున్నవాడు అప్పటికి ఇంజనీరింగ్ డిగ్రీ కూడా లేని కుర్రాడు.

ఫ్రాంక్ విటిల్ 1907లో కోవెంట్రీలో ఒక మెకానిక్ ఇంట పుట్టాడు. పొట్టివాడని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మొదట తిప్పి పంపింది. పట్టువదలక 1923లో అప్రెంటిస్‌గా చేరి, అక్కడి నుంచి క్రాన్‌వెల్ అధికారుల శిక్షణ కళాశాలకు ఎంపికయ్యాడు. 1928లో కోర్సులో భాగంగా విమాన నిర్మాణ భవిష్యత్తు మీద థీసిస్ రాశాడు. యుద్ధవిమానాలు గంటకు 150 మైళ్లు అందుకుంటేనే గొప్ప అనుకునే రోజుల్లో అతడు 500 మైళ్ల గురించి రాశాడు. అంత వేగం కావాలంటే గాలి పలచగా ఉండే ఎత్తుకు పోవాలి. అక్కడ పిస్టన్ ఇంజన్‌కు ఊపిరాడదు, ప్రొపెల్లర్‌కు పట్టు దొరకదు. థీసిస్‌లో రాకెట్ ఉంది, ప్రొపెల్లర్‌ను తిప్పే గ్యాస్ టర్బైన్ ఉంది. జెట్ మాత్రం లేదు. ప్రొపెల్లర్‌నే తీసిపారేయవచ్చన్న ఆలోచన మరుసటి ఏడాది తట్టింది. 1930 జనవరిలో పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

ఈలోగా విమానయాన శాఖ ఆ ప్రతిపాదనను ఎ.ఎ. గ్రిఫిత్ ముందు పెట్టింది. టర్బైన్ బ్లేడ్లను విమానపు రెక్కల్లా చూడాలని 1926లోనే సిద్ధాంతం రాసిన ఉద్దండుడు ఆయన. పెదవి విరిచాడు. ఆయన్ని తప్పుపట్టడం తేలికే గానీ, లెక్క వేసి చూస్తే ఆ సందేహం అర్థంలేనిదేమీ కాదు.

కంప్రెసర్ గాలి పీడనాన్ని నాలుగు రెట్లు చేస్తుందనీ, టర్బైన్‌లోకి వచ్చే వాయువు 590 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందనీ అనుకుందాం. నేలమీద ఈ ఇంజన్ తన్ను తాను తిప్పుకోవాలంటే కంప్రెసర్ దక్షతను టర్బైన్ దక్షతతో గుణించగా వచ్చేది సుమారు 50 శాతం దాటాలి. రెండూ 60 శాతమే అయితే లబ్ధం 36. టర్బైన్ ఇచ్చిందంతా కంప్రెసరే మింగేసి ఇంకా కావాలంటుంది. రెండూ 80 శాతానికి చేరితే లబ్ధం 64; విమానాన్ని నెట్టడానికి శక్తి మిగులుతుంది. పాత యంత్రాల అనుభవం గ్రిఫిత్ వైపు ఉంది. విటిల్ చూపింది ఎత్తును. పదకొండు కిలోమీటర్ల పైన గాలి సున్నాకు 56 డిగ్రీలు దిగువన ఉంటుంది. చల్లటి గాలిని నొక్కడానికి పని తక్కువ పడుతుంది కనుక, పై లెక్కలోని 50 అక్కడ 37కు దిగుతుంది.

1935లో పేటెంటు గడువు తీరింది. కొనసాగించడానికి కట్టవలసింది 5 పౌండ్లు. విటిల్ దగ్గర లేవు, శాఖ కట్టనంది. అప్పటికి అతడు ఎయిర్‌ఫోర్స్ పంపగా కేంబ్రిడ్జిలో డిగ్రీ చదువుతున్నాడు. పాత సహచరులు ఇద్దరు పెట్టుబడి వెతికిపెట్టడంతో 1936 మార్చిలో పవర్ జెట్స్ కంపెనీ పుట్టింది. ఆ ఏడాదే ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. అధికారిగా ఆ కంపెనీ పనికి అతడికిచ్చిన అనుమతి వారానికి 6 గంటలు!

1937 ఏప్రిల్ 12న రగ్బీలోని ఫ్యాక్టరీలో ఇంజన్ మొదటిసారి నడిచింది. విటిల్ ఇంధనం వాల్వు కాస్త తిప్పాడో లేదో, సైరన్‌లాంటి కూతతో వేగం అదుపు తప్పింది. లోహపు తొడుగు మీద ఎర్రటి మచ్చలు పడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్లు పరుగు లంకించుకున్నారు. వాల్వు కట్టేసినా వేగం తగ్గలేదు. దహన గది అడుగున చేరిన ఇంధనం మండుతూనే ఉండటం దీనికి కారణమని తరవాత తేలింది.

జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ దారి ఇంత ముళ్లబాట కాదు. 1935లో గోటింగెన్‌లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పొందిన అతణ్ని, మరుసటి ఏడాది విమాన తయారీదారు హైంకెల్ చేర్చుకుని డబ్బు పెట్టాడు. 1939 ఆగస్టు 27న అతడి ఇంజన్‌తో హైంకెల్ 178 ఎగిరింది. విటిల్ ఇంజన్ అమర్చిన గ్లోస్టర్ విమానం 1941 మే 15న, అదీ క్రాన్‌వెల్ నుంచే, 17 నిమిషాలు ఎగిరింది. ముందు ఎగిరింది జర్మన్, ముందు ఊహించి కాగితం మీద పెట్టింది బ్రిటిషర్ అనడమే న్యాయం.

1948లో విటిల్‌కు సర్ బిరుదూ లక్ష పౌండ్ల పారితోషికమూ వచ్చాయి. అమెరికాలో స్థిరపడ్డాక అనాపొలిస్ నౌకాదళ అకాడమీలో పనిచేశాడు. గ్యాస్ టర్బైన్ ఉష్ణగతిశాస్త్రం మీద ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం అతడు రాసిన పాఠ్యపుస్తకం 1981లో వెలువడింది.