వంశవృక్షంలో లేని పేరు: ఫిజీ వలసపత్రాల సాక్ష్యం

ఇంటివారితో తెగతెంపులు చేసుకొని వెళ్లినవాణ్ణి కుటుంబ చరిత్ర 'దేశాంతరం పోయాడు' అన్న ఒక్కమాటతో ముగిస్తుంది. అతడు 1903 తరువాత మద్రాసు రేవు నుండి ఫిజీకి ఒప్పంద కూలీగా వెళ్లి ఉంటే, వలసపత్రంలో ఆచూకీ దొరకవచ్చు. తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఠాణా, గ్రామం, ఎత్తు, పుట్టుమచ్చలు అందులో ఉంటాయి. గుమస్తాలు పేర్లను విన్నట్లుగా ఇంగ్లీషులో రాశారు. పైకి చదివితేనే తెలుగు పేరు తేలుతుంది. జిల్లా విశాఖపట్నమని ఉంటే నేటి శ్రీకాకుళం గ్రామాలనూ వెతకాలి. ఆ జిల్లా ఏర్పడింది 1950లో.

వీటన్నిటికంటె విలువైనది సమీప బంధువు గడి. ఇల్లు విడిచినవాడు అక్కడ ఎవరి పేరు చెప్పాడు? తండ్రిదా, సోదరునిదా, భార్యదా? తెగిన బంధంలో మిగిలిన పోగు అదే. అయితే గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన వైరాన్ని ఊహించరాదు. గుమస్తా అడగకపోయి ఉండవచ్చు.