సున్నం, సీసం, పేడ – మన గోడల జమాఖర్చు

ఇంటి లోపల గోడలకి రంగులు వేయించాలనుకున్న మనిషి ముందుగా ఎవర్ని అడుగుతాడు? వాస్తు పండితుణ్ణి. తర్వాత భార్యని. ఆ తర్వాత పెయింటర్ ని, అదీ రేటు గురించి. "ఈ డబ్బాలో ఏం కలిపారయ్యా?" అని అడిగేవాణ్ణి చూడటం అరుదు. కానీ చరిత్ర తిరగేస్తే, గోడల పుణ్యమా అని మనుషులు బతికినా, రోగాల పాలైనా అది ఈ నాలుగో ప్రశ్న దగ్గరే తేలింది. ఫలానా దిక్కుకి ఫలానా రంగు వేసినందువల్ల ఒక కుటుంబం బాగుపడిందనటానికి ఒక్క వోచర్ కూడా దొరకదు.

వోచర్ అనే మాట ఊరికే వాడలేదు. నేను రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. చదువు బి.కాం. కెమిస్ట్రీ నా సబ్జెక్టు కాదు. అయితే మిలిటరీ క్వార్టర్లకి వేసిన వెల్ల బిల్లులు ఎన్నో నా బల్ల మీదుగా పోయాయి. కొలతల పుస్తకంలో ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని కోటింగులు, ఎంత సున్నం అని రాసి ఉండేది. ఆ ఇంట్లో ఉండే సుబేదారు గారి రాశి ఏమిటో రాయటానికి కాలమ్ ఉండేది కాదు. అయినా ఆ ఇళ్ళు నిక్షేపంగా ఉండేవి.

వాస్తు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందులో పెద్ద విషయం లేదు. ఇది మన ప్రాచీన శాస్త్రమని చెప్పేవారు వరాహమిహిరుడి బృహత్సంహిత పేరు ఎత్తుతారు. అందులో రంగుల ప్రసక్తి ఉన్నమాట నిజమే. తెల్లమట్టి నేల బ్రాహ్మణుడికి, ఎర్రమట్టి క్షత్రియుడికి, పసుపుమట్టి వైశ్యుడికి, నల్లమట్టి శూద్రుడికి మంచిదని! అంటే ఆ రంగులు గోడలవి కావు, నేలవి. నిర్ణయించేది దిక్కు కాదు, కులం. ఈ భాగాన్ని ఇవాళ్టి వాస్తు పుస్తకాలవాళ్ళు ఎందుకు చెప్పరో పాఠకులకి వేరే వివరించక్కర్లేదు. పడగ్గదికి లేత ఊదా వేయమని చెప్పే పెద్దమనుషులు, ఊదా రంగుని కృత్రిమంగా చేయటం 1856 లో పెర్కిన్ అనే ఇంగ్లీషు కుర్రాడితో మొదలైందన్న సంగతి కూడా చెప్పరు.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. జమ వైపు మొదటి పద్దు సున్నం. సున్నపురాయిని 900 డిగ్రీల వేడి దగ్గర కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలినదాని మీద నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడికి మెత్తటి సున్నం అవుతుంది. దాన్ని పలచగా కలిపి గోడకి కొడితే గాలిలోంచి అదే వాయువుని మళ్ళీ పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుంది. అంటే వెల్ల వేసిన గోడ మీద ఉన్నది రంగు కాదు, సన్నటి రాతి పొర. పచ్చి సున్నం ఘాటైన క్షారం, దాని పి.హెచ్. 12 పైమాటే. అందులో సూక్ష్మజీవులు బతకటం కష్టం. ఎండి రాయైపోయాక మాత్రం ఆ శక్తి పోతుంది. అందుకే వానాకాలం బూజు వదిలాక, పంటలు చేతికొచ్చే వేళకి, ఏటేటా వెల్ల వేసుకోవటంలో అర్థం ఉంది. సంక్రాంతి రాకపోయినా సున్నం తన పని తను చేస్తుంది.

ఆ వెల్లలో చిటికెడు నీలిమందు కలపటం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న ఆచారం. ఆ నీలం కూడా ఫ్యాక్టరీ సరుకే. ఫ్రాన్స్ లో గిమే అనే ఆయన 1828 లో కృత్రిమంగా తయారుచేసిన అల్ట్రామెరీన్ అది. అంతకు ముందు ఆ నీలం ఆఫ్ఘన్ కొండల్లో దొరికే రత్నపురాయిని నూరితేనే వచ్చేది, ధర బంగారంతో పోటీ పడేది. దాన్ని గోడలకి కొట్టే స్తోమత మన తాత ముత్తాతల్లో ఎవరికి ఉంది చెప్పండి!

సున్నానికి సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉందని తెలిసినంత మాత్రాన సరిపోదు. 1896 లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. అధికారులు ఇళ్ళలో జొరబడి సామాన్లు బయట పారేసి, గోడలకి సున్నం కొట్టించారు, క్రిమిసంహారకాలు చల్లించారు. ప్లేగు ఆగలేదు. ఎందుకంటే ఆ జబ్బు గోడ మీద లేదు, గోడ కన్నంలో ఉన్న ఎలుక మీది గోమారిలో ఉంది. ఈ సంగతి పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898 లో కరాచీలో పరిశోధన చేసి చెప్పాడు. ఆయన మాట అందరూ ఒప్పుకోవటానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. మంచి మందే, తప్పు రోగానికి వాడారు. మన హేతువాదులు కూడా గుర్తుంచుకోవాల్సిన పద్దు ఇది. ఒక పదార్థానికి ఒక గుణం ఉందని రుజువైనంత మాత్రాన మన సమస్యకి అదే పరిష్కారమని రుజువైనట్టు కాదు.

గోడ లోపలి వైపు ఏం పూస్తామన్నది దేశ చరిత్రనే మార్చిన సందర్భం ఇంకొకటి ఉంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, ఎనిమిది లక్షల మరణాలు అని అంచనా. 1953 లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టి ఇళ్ళ లోపలి గోడలకి డి.డి.టి. చల్లారు. రక్తం తాగిన దోమ బరువెక్కి పక్కనున్న గోడ మీద వాలుతుంది, అక్కడ చస్తుంది. అంతే సూత్రం! 1965 నాటికి కేసులు లక్షకి దిగాయి. అయితే మట్టిగోడ డి.డి.టి. ని లోపలికి పీల్చేసుకుంటుంది. పైగా పండగ వచ్చిందని ఇల్లాలు పేడతోనో మట్టితోనో అలికితే మందు కాస్తా కప్పడిపోతుంది. చల్లాక కొన్ని వారాలు అలకొద్దని సిబ్బంది బతిమాలవలసి వచ్చేది. దోమలు మందుకి అలవాటుపడటం, సర్కారు నిర్లక్ష్యం కూడా తోడై 1976 లో కేసులు మళ్ళీ 64 లక్షలు దాటాయి. పండగ అలుకు ఒక్కటే దీనికి కారణమని నేను అనను, కానీ ఖర్చు పద్దుల్లో అదీ ఒకటి. బీహార్ లో కాలా అజార్ జ్వరాన్ని మోసే ఇసుక ఈగ కూడా ఇలా అలికిన మట్టిగోడల పగుళ్ళలోనే దాక్కుంటుంది.

ఇప్పుడు మా ఊరి సంగతి. నేను కొడుకు దగ్గర రాయపూర్ లో, ఎయిమ్స్ ఆసుపత్రి ఉన్న టాటీబంధ్ లో ఉంటున్నాను. ఇక్కడి పల్లెల్లో దీపావళికి గోడలకి ఛుహీ అనే తెల్లమట్టి పూస్తారు. చూడటానికి పాలమీగడలా ఉంటుంది. రసాయనాలు లేని ప్రకృతి సిద్ధమైన రంగు అని పట్నంవాళ్ళు మురిసిపోతారు. ఆ మట్టి ఎక్కడిది? గునపాలతో సొరంగంలా తవ్వుకుపోయిన గుంతల్లోది. 2022 డిసెంబర్ లో బస్తర్ జిల్లా మాల్‌గావ్ దగ్గర అలాంటి ఛుహీ గుంత కూలి, మట్టి తవ్వుతున్న గ్రామస్తులు చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. గోడకి పూసిన మట్టి ఎవర్నీ చంపలేదు, దాన్ని తెచ్చుకునే పద్ధతి చంపింది. ప్రకృతి సిద్ధం అనే మాట పక్కన ఈ పద్దు కూడా రాయాలి కదా.

అదే 2022 లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం, ప్రభుత్వ భవనాలకి ఆవుపేడతో చేసిన పెయింటే వాడాలని ఆదేశించింది. అప్పటికే 2020 నుంచి గోధన్ న్యాయ్ పథకం కింద కిలో రెండు రూపాయలకి పేడ కొనేవారు. మాకు దగ్గర్లోనే ఉన్న హీరాపూర్ జర్వాయ్ గౌఠాన్ లో మహిళా సంఘాలవాళ్ళు ఈ పెయింటు చేశారు. దానికి ముందు, 2021 జనవరి 12 న ఖాదీ గ్రామోద్యోగ్ సంస్థ ఢిల్లీలో "ప్రాకృతిక్ పెయింట్" విడుదల చేసింది. కేంద్రమంత్రి గడ్కరీ చేతుల మీదుగా, అష్టలాభాలు అనే పేరుతో. అప్పట్లో ఒక పార్టీ కేంద్రంలో, దాని ప్రత్యర్థి పార్టీ రాష్ట్రంలో. పేడ దగ్గర మాత్రం ఇద్దరూ ఏకాభిప్రాయం!

ఇక్కడ మనం తొందరపడి వెక్కిరించకూడదు. ఆ అష్టలాభాల్లో "భారలోహాలు లేవు" అన్నది పరీక్షించగలిగిన మాట. నిజమైతే మంచిదే. పల్లెటూరి ఆడవాళ్ళకి నాలుగు డబ్బులు వస్తే అది ఇంకా మంచిది. పేడలోని పీచు మట్టి పగలకుండా పట్టి ఉంచుతుందన్నదీ నిజమే, మన పూర్వులు అలికింది ఊరికే కాదు. పేచీ ఎక్కడంటే "బాక్టీరియాని చంపుతుంది, గదిని చల్లబరుస్తుంది" అన్న చోట. ఈ పెయింటులో తెల్లదనం ఇచ్చేది సుద్ద, టైటానియం డయాక్సైడ్ వంటి మామూలు సరుకే. మరి గుణం పేడదా, వాటిదా? తెలుసుకోవటం కష్టమేం కాదు. పేడ వేసిన డబ్బా ఒకటి, పేడ మినహా మిగతావన్నీ అంతే వేసిన డబ్బా ఇంకొకటి. రెండూ రెండు గోడలకి కొట్టి, ఏది ఏదో తెలియని మనిషి చేత కొలిపించాలి. అంతవరకు అది జమ కాదు, సస్పెన్స్ ఖాతా. పచ్చి పేడ సూక్ష్మజీవుల్ని చంపకపోగా ధనుర్వాతం బీజాల్ని మోస్తుంది. పసిపిల్లల బొడ్డుకి పేడ పూసిన ఆచారం ఎంతమందిని బలితీసుకుందో పాత తరం డాక్టర్లని అడగండి. మన దేశం ఆ శిశు ధనుర్వాతం నుంచి బయటపడినట్టు ప్రకటించింది 2015 లో, టీకాల వల్ల, శుభ్రమైన కాన్పుల వల్ల. 2020 అక్టోబర్ లో కామధేను ఆయోగ్ అధ్యక్షుడు సెల్‌ఫోన్ రేడియేషన్ తగ్గించే పేడ చిప్ అంటూ ఒకటి చూపించారు. వందలాది శాస్త్రవేత్తలు ఆధారాలు అడిగారు. అది కూడా సస్పెన్స్ ఖాతాలోనే ఉంది.

చివరిది, అన్నిటికన్నా పెద్ద ఖర్చు పద్దు, సీసం. తెల్ల సీసాన్ని ఉత్తరాదిన సఫేదా అంటారు. సీసపు ఎర్ర ఆక్సైడ్ ని సిందూరం పేరుతో ఇనుప కిటికీలకి తుప్పు పట్టకుండా పూశారు, చాలా చోట్ల ఆంజనేయుడికీ అదే పూశారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు 1904 లోనే పిల్లల్లో సీసపు విషానికి కారణం వరండా కమ్మీల మీది పెయింటేనని రాశాడు. పొడి చేతికంటుతుంది, చెయ్యి నోట్లోకి పోతుంది. 1921 లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇళ్ళ లోపల తెల్ల సీసం వాడకాన్ని నిషేధిస్తూ ఒప్పందం తెచ్చింది. ఆ సంస్థలో మొదటి నుంచీ సభ్యురాలైనా భారతదేశం దాన్ని ఆమోదించలేదు. అమెరికా 1978 లో ఇళ్ళలో సీసపు పెయింటుని నిషేధించింది. మన దగ్గర చాలాకాలం ఉన్నది కంపెనీల ఇష్టానికి వదిలేసిన ప్రమాణమే. ఇంటి పెయింటులో సీసం 90 పి.పి.ఎం. మించకూడదని, అంటే కిలోకి 90 మిల్లీగ్రాములు దాటకూడదని, నియమం ప్రకటించింది 2016 నవంబర్ 1 న, అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ 1 న. 1921 నుంచి 2017 కి ఎన్నేళ్ళు? తొంభై ఆరు. ఆ తొంభై ఆరేళ్ళలో ఎన్ని వాస్తు పుస్తకాలు అచ్చయ్యాయో గానీ, ఒక్కటైనా "డబ్బాలో సీసం ఉందేమో చూడండి" అన్నట్టు నా కంటపడలేదు.

సీసం పిల్లల మెదడుకి చేటు. ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నీళ్ళలో కలిపే డిస్టెంపర్, ప్లాస్టిక్ పెయింట్లలో ఇది తక్కువ. ఎక్కువగా ఉన్నది నూనె ఎనామెల్ లో, అందులోనూ పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో. ఆ మెరుపు ఇచ్చింది సీసపు క్రోమేటు కాబట్టి.

మా వీధిలో ఒక తెలుగు కుర్రవాడు పాత ఇల్లు కొన్నాడు. ఏడాదిన్నర పాప, భార్యకి అయిదో నెల. "బాబాయి గారూ, ఈశాన్యం గది తలుపులకి పసుపు వేయమన్నారు, మంచిదేనంటారా?" అని వచ్చాడు. కొత్త డబ్బా మీద 90 పి.పి.ఎం. అని రాసి ఉంటే నీ ఇష్టం వచ్చిన పసుపు వేసుకో నాయనా అన్నాను. ఆ తలుపుల మీద ఇప్పటికే ఉన్న పసుపు ఏనాటిది అని అడిగాను. ఇల్లు 1988 లో కట్టిందట. పెయింటర్లు మర్నాడు పొద్దున్నే దాన్ని గీకటానికి వస్తున్నారు.

పాత ఇళ్ళలో ప్రమాదమంతా ఈ గీకటం దగ్గరే ఉంది. 2017 కి ముందు వేసిన ఎనామెల్ గట్టిగా ఉన్నంతకాలం దాదాపు నిద్రపోతున్నట్టే. పొడి గరుకు కాగితంతో రుద్దితే దుమ్మై గదంతా నిండుతుంది, బ్లో ల్యాంప్ తో కాలిస్తే పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊడనిదాన్ని గీకకుండా పైన కొత్త పూత వేయవచ్చు. గీకక తప్పకపోతే వాటర్ పేపర్ తో, తడిపి రుద్దాలి. చీపురుతో ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పొట్టుని కాల్చకుండా మూటకట్టి పారేయాలి. పెయింటర్ ముక్కుకి దుమ్ము ఆపే మంచి మాస్కు ఉండాలి, రోజూ గీకేది అతనే కాబట్టి. గర్భిణీలు, పసిపిల్లలు ఆ ఇంట్లో ఉండకూడదు. ఆ కుర్రవాడు భార్యాబిడ్డల్ని భిలాయిలో అత్తగారింటికి పంపాడు. ప్రయాణానికి ఆ రోజు మంచిది కాదని అత్తగారు ఫోన్ లో అన్నారట. అయినా సాయంత్రం లోకల్ కే ఎక్కించాడు.